పక్షులను చూపించి బతకాలనుకునేవారికి

"జువాలజీలో డిగ్రీ అయింది. పక్షులంటే ఇష్టం. కెమెరా ఉంది, బైనాక్యులర్ ఉంది. హైదరాబాద్ వెళ్లకుండా శ్రీకాకుళంలోనే ఉండి నేచర్ గైడ్‌గా బతకొచ్చా?" ఏటా పరీక్షలు అయిపోయే వేళకు ఈ ప్రశ్న అడిగేవాళ్లు కనబడతారు. బతకొచ్చు. అయితే ఆదివారం పొద్దున్నే పన్నెండు మందిని వ్యాన్ ఎక్కించుకుని పక్షులు చూపించి తీసుకొస్తే నెల గడిచిపోతుందనుకుంటే మాత్రం గడవదు. ఆ ఆదివారం అందరికీ కనబడే పని. డబ్బు వచ్చే పని వేరే చోట ఉంది. దాని దగ్గరకు వచ్చే ముందు ఆ ఆదివారం లెక్కే ఒకసారి వేసుకుందాం.

శ్రీకాకుళం నుంచి టెక్కలి దగ్గర పక్షుల ఊరు తేలినీలాపురం. పన్నెండు మంది, మనిషికి 600 చొప్పున 7,200 వసూలైంది అనుకోండి. టెంపో ట్రావెలర్ బాడుగ 4,000. మీతో, డ్రైవర్‌తో కలిపి పద్నాలుగు మందికి టిఫిను, టీ 80 చొప్పున 1,120. ఊళ్లో తోడు వచ్చే కుర్రాడికి 500. ఫోన్లు, ప్రింట్లు, మందుల డబ్బా ఖర్చు ఒక 200. మొత్తం 5,820. మీకు మిగిలేది 1,380. శనివారం రాత్రి పదింటికి ఇద్దరు "సారీ అండీ, ఇంటికి చుట్టాలొచ్చారు" అని మెసేజ్ పెడితే మిగిలేది 340. ముగ్గురు మానేస్తే చేతి నుంచి 180 పడుతుంది. రేట్లు మీ ఊరిని బట్టి మారతాయి, లెక్క మాత్రం ఇలాగే నడుస్తుంది. అందుకే డబ్బు మొత్తం ముందే తీసుకోవాలి. మానేస్తే తిరిగి ఇచ్చేది లేదని, బదులు మనిషిని పంపుకోవచ్చని బుకింగ్ మెసేజ్‌లోనే రాసెయ్యాలి. మొహమాటపడితే మీ జేబులోంచే పోతుంది. వానలు, పెళ్లి ముహూర్తాలు, పండగలు, పిల్లల పరీక్షలు తీసేస్తే ఏడాదిలో పనికొచ్చే ఆదివారాలు ఎన్ని మిగులుతాయో క్యాలెండర్ దగ్గర పెట్టుకుని మీరే చూసుకోండి.

నెల నెలా వచ్చే డబ్బు స్కూళ్ల దగ్గర ఉంది. నాలుగు ప్రైవేటు స్కూళ్లు, ఒక్కోదానిలో నెలకు రెండు క్లాసులు, క్లాసుకు 3,000 అనుకుంటే నెలకు 24,000. బండి బాడుగ లేదు, టిఫిన్ల ఖర్చు లేదు. సెలవులు పోను ఎనిమిది నెలలు ఇది నడిస్తే ఆదివారాల వాక్‌లు పైఆదాయం కింద ఉంటాయి. ఈ క్రమం తిరగేసినవాళ్లు రెండో ఏడాదికే ఏ మందుల కంపెనీ రెప్‌గానో చేరిపోతున్నారు.

స్కూల్లో మిమ్మల్ని తీసుకునేది కరస్పాండెంటు. రెండో ఏడాది ఉంచాలా వద్దా అన్నది మాత్రం సైన్స్ టీచరు మాట మీద తేలుతుంది. ఇది చాలామంది గమనించరు. కరస్పాండెంటు గారి గదిలో ప్రొజెక్టర్ వేసి పులులు, సింహాలు చూపించి ఒప్పించేస్తారు. తీరా క్లాసుకు వెళ్లాక టీచరుకు సిలబస్ వెనకబడిపోతుంది, పిల్లలు గోల చేస్తారు, మార్చిలో "ఈయన వల్ల ఉపయోగం లేదు సార్" అన్న మాట ఒక్కటి చాలు. కాబట్టి టీచరు బరువు తగ్గించే విధంగా వెళ్లండి. ఆహార గొలుసు పాఠం ఏ నెలలో ఉందో ముందే అడిగి, ఆ నెలలోనే నత్త, కొంగ, వరిచేను తీసుకుని వెళ్లండి. వర్క్‌షీట్ మీరే తయారు చేసి ఇవ్వండి. దిద్దే పని కూడా మీరే చేస్తే ఆ టీచరు మిమ్మల్ని వదులుకోరు.

ఒప్పందం నోటిమాటగా ఉంచకండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఒక స్కూల్లో ఏడాది ప్రోగ్రాం నోటిమాట మీదే మొదలుపెట్టాడు. డిసెంబరులో ప్రిన్సిపాల్ మారారు. కొత్తగా వచ్చినావిడ "మీతో ఎవరు మాట్లాడారో వాళ్లనే అడగండి" అన్నారు. రెండు నెలల ఫీజు నీళ్లలో కలిసింది. స్కూల్ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు చాలు: ఎన్ని క్లాసులు, ఎంత రేటు, ఏ తేదీకి చెల్లిస్తారు, ఫీల్డ్ ట్రిప్‌లో పిల్లల బాధ్యత ఎవరిది. టర్మ్ మొదట్లో సగం డబ్బు తీసుకోండి.

ప్రభుత్వ పాఠశాలల నుంచి డబ్బు రాదు. అయినా ఏడాదికి రెండు మూడు చోట్ల చెయ్యండి. 2001లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్ కింద చాలా హైస్కూళ్లలో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. హెడ్మాస్టరు గారిని కలిసి ఆ క్లబ్బు పేరు మీద వెళ్లొచ్చు. ధర్మం కోసం చెయ్యమని చెప్పడం లేదు. మీరు రేపు పట్నం జనాన్ని ఏ ఊరి చెట్ల కిందకు తీసుకెళ్తారో, ఆ ఊరి పిల్లలే ఆ స్కూల్లో ఉంటారు. వాళ్లు మిమ్మల్ని ఎరిగి ఉంటే ఊరు కూడా ఎరిగి ఉంటుంది.

ఇక ఊళ్ల సంగతి. మన జిల్లాల్లో పక్షుల పని అంటే ముందు రెండు పేర్లు చెబుతారు. ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి, టెక్కలి మండలంలో తేలినీలాపురం. తేలుకుంచికి తొలకరితో నత్తగుల్ల కొంగలు వస్తాయి, గూళ్లు కట్టి పిల్లల్ని లేపి చలికాలం మొదట్లో వెళ్లిపోతాయి. తేలినీలాపురంలో వానలు వెనకబట్టాక ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు దిగి వేసవి ముఖం చూశాక పోతాయి. పక్కనే నౌపడ ఉప్పు మడులు, చిత్తడి నేలలు వాటి మేత. ఈ రెండు చోట్లా పక్షులు మనుషుల మధ్యే, ఊరి చెట్ల మీదే ఉంటాయి. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలని ఊరివాళ్లు వాటిని చెప్పుకుంటారు. ఆ మాట విని మనవాళ్లు మురిసిపోతారు గానీ, ఆర్నెల్ల పాటు రెట్టల కంపు, కిందపడిన చేపల కంపు భరిస్తున్నది ఆ పెరళ్లవాళ్లే. అలాంటి పెరట్లోకి మీరు పదిమందిని, పది కెమెరాలను తీసుకెళ్తున్నారు. పెరటి యజమానిని ఒక్కో సీజనుకు ముందు కలవండి. తోడుకు తీసుకునే కుర్రాడు ఆ వీధివాడై ఉండాలి. టీ ఆ ఊళ్లో కొట్లోనే తాగించండి. శ్రీకాకుళం నుంచి ఫ్లాస్కులో టీ, బిస్కెట్ ప్యాకెట్లు మోసుకెళ్లి అక్కడ చెత్త మాత్రం వదిలి వచ్చే గైడుకు మూడోసారి ఆ వీధిలో ఎవరూ మంచం వాల్చరు.

ఈ పనిలో ముఖ్యమైన నైపుణ్యం జనాన్ని ఎక్కడ ఆపాలో తెలియడం. పక్షుల పేర్లు పుస్తకంలో ఉంటాయి, ఫోన్‌లో ఉంటాయి. ఎక్కడ ఆపాలో చెట్టు దగ్గరే తెలుస్తుంది. గూట్లో కూర్చున్న కొంగ లేచి నిలబడిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరకు వచ్చేశారు. నాలుగడుగులు వెనక్కి తగ్గితే మళ్లీ కూర్చుంటుంది. అది ఎగిరిపోయేదాకా ఫొటో కోసం ఆగితే గుడ్డు ఎండకు మాడుతుంది, లేదా కాకి ఎత్తుకుపోతుంది. మీ గుంపులో ఒకాయన పెద్ద లెన్సుతో వచ్చి ఉంటాడు. ఇంకొంచెం ముందుకు వెళ్దామని ఆయనే మొదలుపెడతాడు. అందరికంటే ఎక్కువ టిప్పు ఇచ్చేదీ ఆయనే. వ్యాన్ దిగకముందే గీత ఎక్కడో అందరికీ ఒకేసారి చెప్పెయ్యండి. అప్పుడు ఆయన్ని ఒక్కణ్నే ఆపినట్టు ఉండదు. పెళ్లికి ముందు ఫొటో షూట్‌లవాళ్లు డ్రోన్ పట్టుకుని వస్తే అడిగినంత ఇస్తామన్నా ఒప్పుకోకండి. గూళ్ల మీదుగా డ్రోన్ ఒక్కసారి ఎగిరితే కాలనీ మొత్తం లేస్తుంది, ఆ రోజు సాయంత్రానికి ఊరంతా మీ పేరే ఉంటుంది.

దూరంగా నిలబెట్టి ఏం చూపించాలి? దగ్గరగా చూపించగలిగేది పొలం గట్టు మీద ఉంది. ఖాళీ నత్తగుల్ల ఒకటి ఏరి పిల్లాడి అరచేతిలో పెట్టండి. చాలాసార్లు గుల్ల పగిలి ఉండదు, లోపలి మాంసం మాత్రం ఉండదు. ఎలా లాగింది? అప్పుడు బైనాక్యులర్ ఇచ్చి ఎదురు చెట్టు మీద కొంగ ముక్కు చూడమనండి. పై ముక్కు, కింది ముక్కు చివర్లు కలిసినా మధ్యలో సందు ఉంటుంది. తర్వాత గూట్లో పిల్లల ముక్కు చూడమనండి. వాటికి ఆ సందు లేదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఎందుకు, ఎలా అని పిల్లలు వాదించుకుంటూ ఉంటారు, మీరు గడియారం చూసుకోవచ్చు. ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. ఒక్క అడుగు కూడా చెట్టు వైపు వెయ్యనక్కర్లేదు. ముప్పై పక్షుల పేర్లు గడగడా చెప్పి ఊపిరాడకుండా చేసే గైడు కంటే ఇలా ఒక్క ముక్కు చూపించిన గైడునే మళ్లీ పిలుస్తారు.

సైబీరియా గొడవ ఒకటుంది. ఇది ఎదురవ్వని ట్రిప్ ఉండదు. పేపర్లలోనూ, బోర్డుల మీదా ఇవి సైబీరియా పక్షులని రాసేస్తుంటారు. నిజానికి నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ, మచ్చల ముక్కు గూడబాతు మూడూ మన దక్షిణాసియా పక్షులే. వానను, నీటిని, మేతను బట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి. చలికి ఉత్తరాది నుంచి వచ్చే బాతులు, ఉల్లంకులు వేరు. అవి ఇక్కడ మేసి వెళ్తాయి, గుడ్లు పెట్టేది అక్కడ. గూడు ఇక్కడే కట్టి పిల్లల్ని ఇక్కడే పెంచుతుంటే ఇది సైబీరియా పక్షి ఎలా అవుతుందని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఇట్టే పట్టుకుంటారు.

అయితే మీరు ఈ సంగతి చెప్పే చోటు చూసుకోవాలి. అరుగు మీద కూర్చున్న తాత "మా సిన్నప్పటి నుండీ ఇంతే బాబూ, సైబీరియా నుండి ఒస్తాయట" అంటాడు. మీ గుంపులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఫోన్ తీసి "లేదు తాతా, గూగుల్‌లో అలా లేదు" అని మొదలుపెడతాడు. ఆయన మొహం మాడుతుంది. ఇంకోసారి మిమ్మల్ని చూసి లోపలికి పోతాడు. అక్కడే మధ్యలో దూరి, "తాతా, ఈ ఏడు మొదటి పక్షి ఎప్పుడు దిగింది? వాన ముందా, పక్షి ముందా?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు గూగుల్‌లో దొరకదు, ఆయన దగ్గరే ఉంది. ఎప్పుడొచ్చాయి, ఏ చెట్టు మీద ముందు వాలాయి, నిరుడు కంటే తగ్గాయా, అన్నీ చెబుతాడు. సైబీరియా సంగతి వ్యాన్ ఎక్కాక గుంపుకు విడమర్చి చెప్పండి. ఆయన చెప్పిన తేదీలు డైరీలో రాసుకోండి. పదేళ్ల తర్వాత ఆ డైరీకి మీ డిగ్రీ కంటే ఎక్కువ విలువ ఉంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు చెడ్డరోజు వస్తుంది. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చనిపోయాయి. చేపల ద్వారా వచ్చిన నులిపురుగుల వల్లనని తేలింది. అలాంటి సమయంలో గుంపుతో వెళ్లి చెట్టు కింద చచ్చిన పక్షి కనబడితే ఏం చేస్తారు? ముట్టుకోవద్దు, ముట్టుకోనివ్వద్దు. ఫొటో ఒకటి, స్థలం, సమయం రాసుకుని అటవీశాఖ సిబ్బందికి చెప్పండి. గుంపును వెనక్కి తిప్పండి, ఆ రోజు డబ్బు తిరిగి ఇచ్చేయండి. ముఖ్యంగా, ఎవరో ఒకరు వాట్సాప్‌లో "బర్డ్ ఫ్లూ" అని పెట్టేస్తారు. అది పెట్టకుండా ఆపడం మీ పని. పరీక్ష ఫలితం రాకముందు ఆ మాట బయటకు వెళ్తే జిల్లాలో కోళ్ల ఫారాలవాళ్లు మునుగుతారు, అది ఎవరి గ్రూపు నుంచి మొదలైందో కూడా తెలుస్తుంది. గూటి నుంచి జారిపడిన పిల్ల విషయంలోనూ అంతే. ఇంటికి తీసుకెళ్లి చేపలు పెట్టి పెంచుదామని జాలిపడే అమ్మగారు ఉంటారు. వన్యప్రాణి చట్టం జాలిని లెక్కలోకి తీసుకోదు. సిబ్బందికి అప్పజెప్పండి.

కార్తీకం వచ్చిందంటే వనభోజనాలు. ఉద్యోగ సంఘాలు, కుల సంఘాలు, అపార్ట్‌మెంట్లవాళ్లు అందరూ చెట్టు నీడ వెతుక్కుంటారు. తేలుకుంచిలో ఆలస్యంగా లేచిన పిల్లలు ఇంకా గూళ్లలోనే ఉంటాయి, తేలినీలాపురంలో కొత్తవి దిగుతుంటాయి. మీకు ఏడాదిలో మంచి గిరాకీ ఇదే. ప్రమాదం కూడా ఇదే. వంద మంది, ఒక డీజే, రెండు వందల ప్లాస్టిక్ గ్లాసులు. ఈ పని ఒప్పుకునే పద్ధతి ఒకటుంది: భోజనాల చోటు పక్షుల ఊరికి దూరంగా ఏ మామిడి తోటలోనో పెట్టించండి. పొద్దున్నే ఆసక్తి ఉన్నవాళ్లను, పాతికమంది లోపు, రెండు జట్లుగా వాక్‌కు తీసుకెళ్లండి. మిగతావాళ్లను వంటల దగ్గర వదిలెయ్యండి, వాళ్లూ సంతోషంగానే ఉంటారు. భోజనాలూ పక్షుల దగ్గరే కావాలని పట్టుబట్టే సంఘానికి "ఆ తేదీ ఖాళీ లేదండీ" అని చెప్పడం నేర్చుకోండి.

సముద్రం వైపు పని జనవరి నుంచి. శ్రీకాకుళం జిల్లా తీరం పొడవునా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద పైచిలుకు. అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు కలిసి గుడ్లను హేచరీల్లోకి చేర్చి, నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతాయి. "మీ చేత్తో తాబేలు పిల్లను వదలండి" అని పోస్టర్ వేస్తే బుకింగ్‌లు బాగానే వస్తాయి. వెయ్యకండి. ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. గుడ్డు గానీ పిల్ల గానీ మీ చేతుల్లో ఉన్న ఫొటోయే మీ మీద సాక్ష్యం. హేచరీ నిర్వాహకులు పిలిచిన రోజున, వాళ్లు చెప్పిన గీత వెనక నిలబడి చూసే కార్యక్రమంగా పెట్టుకోండి. తెల్ల లైటు వద్దు, ఫ్లాష్ వద్దు. పిల్లలు వెలుతురును బట్టి సముద్రం దారి పట్టుకుంటాయి కాబట్టి మీ ఫోన్ వెలుగుకు వెనక్కి తిరుగుతాయి. పిల్లలు ఏ రోజు పైకొస్తాయో ఎవరూ ముందే చెప్పలేరు. అందుకని తాబేళ్లు కనబడతాయని హామీ ఇచ్చి డబ్బు తీసుకోకండి. ఆ వాక్‌ను తీరం వాక్ అని అమ్మండి: ఇసుకను పట్టి ఉంచే బాలబంద తీగలు, రావణాసురుడి మీసాలు, ఎండ్రకాయల బొరియలు, వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడితో పావుగంట మాట. తాబేలు వస్తే అది అదనం. తాబేళ్ల చావులకు ట్రాలర్లను తిట్టే ముందు ఎవరి రేవులో నిలబడి మాట్లాడుతున్నారో చూసుకోండి.

కొండల మీదకు హైక్‌లు పెట్టాలనుకునేవారికి కొంచెం గట్టిగానే చెబుతాను. విజయనగరం వైపు రామతీర్థం కొండలు, తాటిపూడి రిజర్వాయరు పరిసరాలు కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి అనువైనవి. రోడ్డు దగ్గర, సిగ్నల్ దొరుకుతుంది, చరిత్ర కూడా చెప్పుకోవచ్చు. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి వానల్లో అందంగా ఉంటుంది, వానల్లోనే కాళ్లు జారతాయి. మందస వైపు నుంచి కనబడే మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. అది ఒడిశాలో గజపతి జిల్లా కిందకు వస్తుంది, మన జిల్లా అటవీ అధికారి అనుమతి అక్కడ చెల్లదు. ఏ రిజర్వు ఫారెస్టులోకైనా అనుమతి లేకుండా గుంపును తీసుకెళ్లడం నేరం. "లోకల్‌వాళ్లు వెళ్తూనే ఉన్నారుగా" అన్న వాదన పనిచెయ్యదు. వాళ్లు కట్టెలకో మేతకో వెళ్తున్నారు, మీరు డబ్బు తీసుకుని తీసుకెళ్తున్నారు. అర్జీలో తేదీ, దారి, మనుషుల సంఖ్య, బండి నంబరు, బాధ్యుడి ఫోన్ రాసి పదిహేను రోజుల ముందే రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. నకలు మీద స్టాంపు వేయించుకోండి. బీట్ ఆఫీసరుకు విడిగా ఒక ఫోన్ చెయ్యండి. పైన సంతకమైన కాగితం కింద ఉన్నాయనకు చేరిందని ఎప్పుడూ అనుకోకండి.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం జీడితోటల్లో వేసవి తెల్లవారుజాము వాక్‌లు వద్దు. జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజుల్లో ఎలుగుబంట్లు గుట్టలు దిగి తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు. ఏనుగుల సంగతి ఇంకా పెద్దది. ఒడిశా వైపు నుంచి వచ్చిన గుంపు పార్వతీపురం మన్యం జిల్లాలో పొలాల మధ్య తిరుగుతోంది. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. "ఏనుగుల్ని చూపిస్తారా?" అని విశాఖ నుంచి ఫోన్లు వస్తాయి. పంట పోయి, ప్రాణభయంతో రాత్రిళ్లు కాపలా కాస్తున్న రైతు ఊరికి చూడ్డానికి వచ్చామని బండ్లలో వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. ఏనుగుల ట్రిప్ అనేది మన దగ్గర లేదు. అంతే.

పెద్దలైతే ఒక గైడుకు పన్నెండు మందికి మించొద్దు. పిల్లలైతే పది మందికి ఒక టీచరు, ఆడపిల్లలుంటే లేడీ టీచరు తప్పనిసరి. టాయిలెట్ ఎక్కడో తెలియకుండా ఆడవాళ్లున్న గుంపును బయల్దేరదీయకండి. మన ప్రోగ్రాంల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ఎక్కువ, చెప్పడానికి మొహమాటపడి మళ్లీ రాకుండా ఊరుకుంటారు. బీపీ, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్ల వివరాలు ముందే కాగితం మీద తీసుకోండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. దగ్గర్లో అది ఏ ఆసుపత్రో బయల్దేరే ముందు రోజే కనుక్కుని ఉండాలి. మార్చి తర్వాత తొమ్మిదింటికల్లా నీడకు చేరిపోవాలి.

రెండు మూడేళ్లు పనిచేసి పేరు వచ్చాక కంపెనీల సీఎస్ఆర్ డబ్బు మీ వైపు చూస్తుంది. పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి, వాళ్లలో పెద్దవాళ్లకు ఏటా చట్టప్రకారం ఖర్చు పెట్టాల్సిన సొమ్ము ఉంటుంది. తీసుకోవచ్చు. కాకపోతే వాళ్లకు కావలసింది ఎక్కువగా మొక్కల సంఖ్య, బ్యానరు ముందు ఫొటో. ఒక్కరోజులో అయిదువేల మొక్కలు నాటే పని ఒప్పుకుంటే మే నెలలో అయిదువేల ఎండుపుల్లలకు జవాబు చెప్పాల్సింది మీరే. కొంగలు గూళ్లు కట్టే చింత, రావి వంటి చెట్లు రెండొందలు నాటి, మూడు వేసవుల నీళ్లకు, కంచెకు, కాపలా మనిషికి జీతం కలిపి బడ్జెట్ అడగండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎలా పడుకోబెట్టిందో చూసినవాళ్లకు కొత్త చెట్లు ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అంచు దాకా సరుగుడు నాటమంటే ఒప్పుకోకండి. సోంపేట బీల లాంటి చోట బ్యానరు పట్టుకెళ్లే ముందు ఇంకా జాగ్రత్త. థర్మల్ ప్లాంటు వద్దని పోరాడి, 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషుల్ని పోగొట్టుకుని ఆ చిత్తడి నేలను కాపాడుకున్న ఊళ్లవి. ఏ కంపెనీ పేరైనా అక్కడ వాళ్లు మీకంటే ముందే చదివేస్తారు.

చివరగా అన్నిటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ చిక్కు ఉన్న పని. తీరం వెంట పోర్టులు, ఎయిర్‌పోర్టు, పరిశ్రమలు వస్తున్నకొద్దీ పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు స్థానికంగా పక్షులు తెలిసిన మనిషి కావాలి. రోజుకు మంచి రేటు ఇస్తారు, బండి పెడతారు. పని చెయ్యొచ్చు, తప్పేం లేదు. కానీ ఇలాంటి నివేదికలకు మామూలుగా అడిగేది వానాకాలం తప్పించి ఒక్క సీజను డేటా. మన దగ్గర నత్తగుల్ల కొంగ గూడు కట్టేదే వానాకాలంలో. మార్చిలో మూడు వారాలు తిరిగి "గూళ్లు కనబడలేదు" అని మీరు రాస్తే అది అబద్ధం కాదు, అయినా నివేదికలోకి వెళ్లేసరికి "ఈ ప్రాంతంలో పక్షుల సంతానోత్పత్తి లేదు" అని మారి, కింద మీ పేరు ఉంటుంది. తర్వాత ప్రజాభిప్రాయ సేకరణలో ఎవరో లేచి ఆ పేజీ చదువుతారు. మీరు వారం వారం టీ తాగే ఊరివాళ్లే అక్కడ కూర్చుని ఉంటారు.

కాబట్టి ఒప్పుకునేటప్పుడే ఈ-మెయిల్‌లో రాయించుకోండి: నేను తిరిగిన తేదీలు, వేళలు, చోట్లు నివేదికలో ఉన్నదున్నట్టు వెయ్యాలి, తిరగని కాలం గురించి నా పేరు మీద ఏమీ రాయకూడదు, ముసాయిదా నాకు చూపించాలి. ఫీల్డ్ నోట్‌బుక్ అసలు మీ దగ్గర ఉంచుకుని వాళ్లకు స్కాన్ ఇవ్వండి. ఖాళీ కాగితం మీద, చివరి పేజీ ఒక్కదాని మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. అడ్వాన్సు సగం ముందు, మిగతా సగం డేటా ఇచ్చిన రోజున తీసుకోండి. నివేదిక ఆమోదం పొందాక ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ షరతు ఉన్నంతకాలం మీరు ఏ పక్షిని చూడాలో, ఏది చూడకూడదో వేరేవాళ్లు చెబుతుంటారు.